బట్ మీద మూడు గుంటలు

18 అక్టోబర్ 1999, సోమవారం

ఎన్నికలు అయిపోయాయి కాబట్టి స్టేషన్‌లో డిపాజిట్ చేసిన తుపాకులు తీసుకుపొమ్మన్నారు. మాది డబల్ బ్యారెల్. బర్మింగ్‌హామ్ సరుకు. మిషన్ ఆస్పత్రి దొర ఇంగ్లాండుకు వెళ్లిపోతూ మా మామకు ఇచ్చిపోయాడు. మామ తర్వాత మా ఆయన యోహాను పేరు మీదికి వచ్చింది. జులైలో యోహాను పోయాడు. ఇప్పుడు లైసెన్సు నా పేరుకు మార్చుకోవాలి, లేకపోతే అమ్మాలి. మూడు నెలలు టైమ్ ఇచ్చారు.

వానాకాలమంతా స్టేషన్ గదిలో ఉండి గొట్టాలు తుప్పు పట్టాయి. స్టేషన్ లెటర్ తీసుకుని జమ్మలమడుగు నుంచి బస్సులో ప్రొద్దుటూరు పోయి, తుపాకులు బాగుచేసే మౌలాలి షాపులో ఇచ్చి వచ్చాను. కాళ్లు లాగుతున్నాయి. రేపు మార్నింగ్ డ్యూటీ.

21 అక్టోబర్

వార్డులో బాంబు గాయాలు ఇద్దరికి. ఒకడు ఈ పార్టీ, ఇంకొకడు ఆ పార్టీ. మంచాలు పక్కపక్కనే. ఇద్దరికీ నేనే డ్రెస్సింగ్ చేశాను.

25 అక్టోబర్

తుపాకి కొంటానని పులివెందుల వైపు నుంచి ఒక నాయకుడు మనిషిని పంపాడు. దొరల కాలం నాటి తుపాకి ఇంట్లో ఉంటే గౌరవమట. కానీ కొత్తదానిలా మెరవాలట. గొట్టాలకు నల్లరంగు ఎక్కించి, చెక్క గీకి, పాలిష్ పెట్టించి ఇమ్మన్నాడు. బట్ మీద, అంటే భుజానికి ఆనించే వెనక చెక్క మీద, ఉన్న మూడు గుంటలు అసలు కనపడకూడదట.

ఆ గుంటలే కదా మా ఇంటికి పేరు తెచ్చింది. 1987 మండల ఎన్నికల రోజు మధ్యాహ్నం, బూత్ ఏజెంటుగా కూర్చున్న రహమాన్‌ను అవతలి పార్టీవాళ్లు మా వీధిలోకి తరుముకొచ్చారు. యోహాను తుపాకి తీసుకుని అడ్డం పోయాడనీ, వేటకొడవలి దెబ్బలు బట్ మీద పడ్డాయనీ, అప్పటికే రహమాన్ పడిపోయి ఉన్నాడనీ అందరూ చెప్పుకుంటారు. నేను డ్యూటీలో ఉన్నాను. శవం నా వార్డుకే వచ్చింది. యోహాను భూస్థాపన రోజు పాస్టర్ కూడా ఈ మాటే చెప్పాడు.

చెరిపించనా, ఉంచనా? తెలియడం లేదు. ఆలోచించే ఓపిక కూడా లేదు.

2 నవంబర్

మౌలాలి కబురు పెడితే పోయాను. డెబ్బై ఏళ్ల మనిషి. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి బట్‌ను వేలితో తడుముతూనే ఉన్నాడు.

"అమ్మా, ఇవి కొడవలి దెబ్బలు కాదు. కొడవలైతే చెక్కను కోస్తాది. ఇది నలిగిండాది. ఏదో ఇనుముకు ఆనించి గట్టిగా అదిమినారు."

కోత అయితే గీకాలట. నలిగిన చెక్క అయితే తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తే దానంతటదే పైకి లేస్తుందట, గుర్తు కూడా మిగలదట. చెయ్యమంటారా అని అడిగాడు. ఆగమన్నాను. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది గుంటల అచ్చు తీసి ఇచ్చాడు.

అదే రోజు, సాయంత్రం 5

మా వీధి తలుపు లోపలి వైపు గడియకు మూడు బోల్టులున్నాయి. కాగితం ఆనించి చూశాను.

సరిపోయింది.

తలుపు బయటి నుంచి తోస్తుంటే లోపల తుపాకిని అడ్డం బిగించి పట్టుకున్నాడు. తోసింది ఎవరు? చంపేవాళ్లకు మా తలుపుతో పనేముంది?

3 నవంబర్

అన్నం తినలేదు. డ్యూటీకి పోయాను.

7 నవంబర్, ఆదివారం

చర్చికి పోకుండా రహమాన్ భార్య జైబున్నీసా ఇంటికి పోయాను. కుట్టుమిషన్ ముందు కూర్చుని జాకెట్టు కుడుతోంది. కాగితం చూపించి చెప్పాను. మిషన్ ఆపలేదు.

"నాకు తెలుసక్కా. మా ఆయన నలభయ్యోనాడు ఫాతిహా అయినాక యోహానన్నే వచ్చి వాకిట్లో నిలబడి చెప్పినాడు. తలుపు తియ్యి యోహానన్నా అని మా ఆయన అరిచినాడంట. యోహానన్న తీయలేకపోయినాడంట. శానా ఏడ్చినాడు."

పన్నెండేళ్లు. నాకొక్క మాట చెప్పలేదు. నువ్వేమన్నావని అడిగాను.

"ఏమంటాను? తీసింటే ఇద్దరూ పోయిందురు. మాఫ్ చేసినా పోన్నా అన్నా. అబద్ధం చెప్పినాను. ఈపొద్దుకీ చెయ్యలేదు."

అప్పుడు మిషన్ ఆపింది. కోపమొచ్చిందా అక్కా అని నన్ను అడిగింది. నన్ను!

12 నవంబర్

యోహాను మీద కోపం. చచ్చినవాడి మీద కోపం ఎంతసేపు నిలుస్తుంది? తలుపు వెనక నేనుంటే ఏం చేసేదాన్నో నాకూ తెలియదు. జీతం తీసుకుని గాయాలు కడిగేదాన్ని, ధైర్యం గురించి నాకేం తెలుసు.

ఈ పన్నెండేళ్లూ ఎవరైనా పొగిడితే ఆయన లేచి లోపలికి పోయేవాడు. అణకువ అనుకున్నాను.

19 నవంబర్

మౌలాలికి చెప్పేశాను. తుప్పు తీసి నూనె పెట్టు, అంతే. నల్లరంగు వద్దు, పాలిష్ వద్దు, బట్ జోలికి పోవద్దు. మంచిదమ్మా అన్నాడు. ఎందుకని అడగలేదు. నాయకుడి మనిషికి అమ్మనని చెప్పాను. మా అన్నతో పెట్టుకుంటే బాగుండదని అన్నాడు. ఆ అన్నకు పోయినేడు చేతికి కుట్లు వేసింది నేనే అని చెప్పాను. చెప్పులేసుకుని పోయాడు.

4 డిసెంబర్

తుపాకి స్టేషన్‌లో సరెండర్ చేశాను. సంతకం పెట్టాను. అక్కడ బెంచీ మీద కాసేపు కూర్చుని వచ్చాను.

12 డిసెంబర్, ఆదివారం

యోహాను జ్ఞాపకార్థ కూటం. ఆయన ధైర్యం గురించి సాక్ష్యం చెప్పమని పాస్టర్ పిలిచాడు. లేచి జరిగింది జరిగినట్టు చెప్పాను. రహమాన్ తలుపు కొట్టాడు, మేము తీయలేదు అన్నాను. మేము అనే అన్నాను. మా ఆడబిడ్డ కమలమ్మ మధ్యలోనే లేచి వెళ్లిపోయింది. పాస్టర్ ప్రార్థన తొందరగా ముగించాడు.

13 డిసెంబర్

డ్యూటీకి పోతుంటే వీధిలో ఎవరూ పలకరించలేదు. జైబున్నీసా మాత్రం టీ తాగి పొమ్మంది.