కుడిపక్క బోల్టు

బాపూ, నమస్తే.

నువ్వు పోయి ఒక వానాకాలం, ఒక చలికాలం దాటిపోయాయి. ఇప్పుడు ఎండలు మొదలయ్యాయి. పొద్దున పదింటికే షాపు రేకులు కాగుతున్నాయి. నువ్వుంటే ఈపాటికి గోనెసంచులు తడిపి రేకుల మీద పరిచేవాడివి. నేనింకా పరచలేదు... నిచ్చెన పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి కదా.

షాపు మళ్లీ తెరిచాను. ఈ మాట నీకు ముందే చెప్పాలి. హైదరాబాద్ సర్వీస్ సెంటర్‌లో శిక్షణ అయిపోగానే అక్కడే ఉండిపొమ్మన్నారు. ఉండలేదు. నువ్వు తిడతావని తెలుసు. "నిన్ను చదివిపిచ్చింది నా లెక్క గ్రీజుల పొర్లెతందుకా?" అంటావు. కానీ జహీరాబాద్‌కి వచ్చిన ప్రతిసారీ, మూసి ఉన్న మన షట్టర్ ముందు నుంచి నడవడం నా వల్ల కాలేదు. అంతే బాపూ. ఇంకో కారణం వెతికితే దొరకలేదు.

బండ్లు వస్తున్నాయి. మనుషులు దిగి, నన్ను దాటి లోపలికి తొంగి చూసి, "షాపుల ఎవ్వరు లేరా అమ్మా?" అని అడుగుతారు. నా చేతిలో పానా ఉంటుంది. ముఖానికి మసి ఉంటుంది. "ఉన్న" అంటాను. కాసేపు అటూ ఇటూ చూస్తారు. "మల్ల వస్తలే" అంటారు. వాళ్లలో మళ్లీ వచ్చినవాళ్లు తక్కువ.

మధ్యాహ్నాలు మరీ చెడ్డవి. అప్పుడు ఎవరూ రారు. హైవే మీద లారీల హోరు, గోడ మీద నీ పాత ఖాకీ చొక్కా. దాన్ని తీద్దామని రోజూ అనుకుంటాను...

అన్నిటికంటే కష్టం సప్పుళ్ల పని బాపూ. బోల్టు బిగించడానికి ఒక మనిషి చాలు. సప్పుడు పట్టడానికి ఇద్దరు కావాలి. ఒకరు పైన బండిని ఊపాలి, ఇంకొకరు కింద చెయ్యి పెట్టి చూడాలి. చిన్నప్పుడు బడి నుంచి రాగానే సంచి పడేసి ముందు బంపర్ మీదికెక్కి ఊగేదాన్ని, గుర్తుందా? నువ్వు కింద నుంచి "ఇంక జర... ఇంక జర... ఆగు!" అని అరిచేవాడివి. అంటే దొరికిందన్నమాట. ఇప్పుడు నేనే బంపర్‌ని ఒక తొక్కు తొక్కి, పరుగెత్తి కిందికి దూరతాను. నేను దూరేసరికి బండి కదలడం ఆగిపోతుంది. సప్పుడూ ఆగిపోతుంది.

ఇక అసలు సంగతి.

మొగుడంపల్లి సంగప్ప పటేలు నీకు బాగా తెలుసు. అల్లం పండిస్తాడు, మాట్లాడితే నవ్విస్తాడు. ఆయన పెద్ద తెల్ల బండికి కంపెనీది తీసి నువ్వు బయటి సస్పెన్షన్ వేశావు. పొలం బురదలో కింద తగలకుండా ఎత్తు పెంచావు. పొడుగు స్ప్రింగులు, కొత్త షాకులు. నువ్వు చేసిన ఆఖరి బండి అదే.

ఆ బండి పోయిన వారం మన షాపు ముందు ఆగింది. ఆగేముందు చిన్న గుంతలో దిగి లేచింది. కిర్రుమంది.

"ఇన్నవా బిడ్డా?" అన్నాడు పటేలు, తలుపు తీస్తూనే. "ఇదీ కథ. మా ఆడామె బండెక్కుతలేదు. ఎడ్లబండి నయమంటది. కొట్టం కాడికి పోతె బర్రెలు కట్లు తెంపుకుంటున్నయ్."

నవ్వబోయి ఆగాను. ఎందుకంటే ఆయన ఆ తర్వాత కొంచెం మెల్లగా ఇంకో మాట చెప్పాడు. మన షాపు మూసి ఉందని హైవే పక్కన ఇంకొక చోట చూపించాడట. వాళ్లు ఎడమవైపు రాడ్లు మార్చారు, అంతటా నూనె కొట్టారు. రెండు రోజులు సప్పుడు పోయింది, మళ్లీ వచ్చింది. అప్పుడు ఆ షాపతను అన్నాడట, "పెద్దాయనకు ఆఖర్ల చెయ్యి తప్పింది పటేలా. ఆయన ఏసిందంత పీకి పారెయ్యాలె" అని.

బాపూ, నాకు కళ్లలో నీళ్లు రాలేదు. రోషం వచ్చింది. నీ చెయ్యి తప్పడమా? బండి ఇక్కడే వదిలి వెళ్లమన్నాను. మా బాపు పనిలో తప్పు లేదని చూపిస్తాను అన్నాను. అంత గట్టిగా అన్నాను.

ముందు మొగుడంపల్లి రోడ్డు మీద ఒక్కదాన్నే నడిపి చూశాను. వేగంగా పోతే ఏమీ లేదు. గతుకు మీద మెల్లగా దిగినప్పుడే కిర్రు. చెవికి మాత్రం ఎడమవైపు నుంచే వస్తున్నట్టుంది. నీ మాట గుర్తొచ్చింది. "చెవి మోసం జేస్తది బిడ్డా. ఇనుము ఆ మూల సప్పుడును ఈ మూలకు తెస్తది. చెయ్యి పెట్టి సూడు." చెయ్యి పెట్టాలంటే ఊపేవాళ్లు కావాలి... మళ్లీ అదే.

అప్పుడే అమ్మ అన్నం గిన్నె తెచ్చింది. నీకు తెలుసు కదా, ఇన్నేళ్లలో అమ్మ మన షట్టర్ గీత దాటి లోపలికి రాలేదు. గిన్నె అక్కడ పెట్టి వెళ్లిపోయేది. ఇప్పటికీ అంతే.

"అమ్మా, జర లోపలికి రా. స్టీరింగ్ తిప్పాలె" అన్నాను.

"నేనా? నాకు మిక్సీ బటనే సక్కగ తెల్వది."

"గిర్ర గిర్ర తిప్పుడే. బండి ఎటు పోదు."

కొంగు నడుముకు చుట్టుకొని ఎక్కింది. ఎక్కుతూ, "మీ బాపు ఒక్కనాడన్న బండెక్కు అనలే. నువ్వేమో నన్ను డ్రైవర్‌ను జేస్తున్నవ్" అంది. నువ్వు ఆమె ముఖం చూడాల్సింది. స్టీరింగ్‌ని పిండి విసిరినట్టు రెండు చేతులతో తిప్పింది. నేను స్ప్రింగు మీద చెయ్యి పెట్టి ఉన్నాను. తిప్పినప్పుడు చప్పుడు లేదు, అదురు లేదు. అంటే స్ప్రింగులు తమ చోట్లో సరిగ్గానే కూర్చున్నాయి. వాటిని పైన పట్టి ఉంచే పట్టీ కూడా బాగుంది. నీ పని బాగుంది. నాకెంత ధైర్యం వచ్చిందో...

తర్వాత అమ్మని దిగి బంపర్ నొక్కమన్నాను. ఆమె బరువంతా వేసి నొక్కింది. కిర్రు. వదిలింది. కిర్రు.

నాలుగైదు సార్లు నొక్కి ఆగిపోయింది. "ఏందమ్మా?" అన్నాను కింద నుంచి. ఆమె బంపర్‌కి ఆనుకుంది. తర్వాత, "మీ బాపు నులకమంచం మీద పక్కకు తిరిగితె గిట్లనే ఇనవడేది" అంది.

ఆ తర్వాత అమ్మ ఊపుతూనే ఉంది.

ఎడమవైపు ప్రతి కీలు మీద చెయ్యి పెట్టి చూశాను. ఏదీ అదరలేదు. చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప ఆర్మ్ దగ్గర, మనం కింది చెయ్యి అంటామే, దాని బోల్టు మీద నీ ఎర్రగీత కనిపించింది. బోల్టు ఆఖరుసారి బిగించాక, కదిలితే తెలియాలని నట్టు మీదుగా నువ్వు గీసే గోళ్లరంగు గీత. నా సీసాలోంచే తీసుకునేవాడివి. ఇంకా ఎర్రగానే ఉంది. దాన్ని వేలితో తడిమాను.

కుడివైపు పాకాను. అక్కడ కింది చెయ్యి బోల్టు చుట్టూ ఉండే రబ్బర్ మీద వేలు పెట్టగానే అమ్మ నొక్కింది. కిర్రు నా వేలి కింద పలికింది. నీళ్లు పోసి చూశాను, సప్పుడు సన్నబడింది. "ఆగు!" అని అరిచాను. నీలాగే అరిచాను బాపూ. దొరికిందన్న సంతోషంతోనే అరిచాను...

ఆ బోల్టు మీద ఎర్రగీత లేదు.

మట్టి పట్టిందేమో అని గుడ్డతో తుడిచాను. మళ్లీ తుడిచాను. లేదు. బండి నేల మీదే ఉంది, పానా వేసి బోల్టు వదులు చేశాను. టప్‌మని రబ్బర్ తిరిగి తన చోటికి వచ్చింది. అంచు చీలిపోయి ఉంది.

నాకు నువ్వు మొట్టమొదట నేర్పిన మాట ఇదే కదా. "చక్రం గాల్లె యాలాడుతున్నప్పుడు బిగిస్తె రబ్బర్ మెడ తిప్పుకొని కూసుంటది. బండి కాళ్ల మీద నిలవడ్డంకనే బిగియ్యాలె." బండి కాళ్ల మీద నిలబడ్డాక బిగించాలంటే కిందికి పాకాలి, వెల్లకిలా పడుకోవాలి, ఛాతీ మీదుగా పొడుగు పానా గుంజాలి. ఎడమవైపు గుంజావు. గీత పెట్టావు. కుడివైపు గుంజలేదు. జాకీ మీద ఉన్నప్పుడు బిగించిందే అలా ఉండిపోయింది.

ఎందుకు బాపూ? ఊపిరి అందలేదా? అప్పటికే ఛాతీలో నొప్పి మొదలైందా? కింద ఎంతసేపు పడుకున్నావు?

అమ్మకి చెప్పాను. ఆమె గోడ మీది నీ ఖాకీ చొక్కా వైపు చూసింది. చివరికి, "పోయినోని పేరెందుకు ఖరాబు జేస్తవే? రోడ్డు మంచిగ లేక రబ్బర్ పోయిందని చెప్పు. ఎవలకు తెలుస్తది?" అంది.

నిజమే. ఎవరికీ తెలియదు. రోడ్డు కూడా నిజంగానే బాగా లేదు. నీ తప్పు లేదని చూపిస్తానని గట్టిగా చెప్పింది నేనే. తర్వాతి రెండు రోజులూ కొత్త రబ్బర్ తెప్పించి, లేత్ షాపులో ఎక్కించి, తిరిగి వేస్తున్నంతసేపూ ఆ అబద్ధాన్ని నోట్లో తిప్పుకుంటూనే ఉన్నాను. చాలా తేలికైన అబద్ధం. కానీ నువ్వే ఆ బోల్టు మీద అబద్ధపు గీత గీయలేదు. గీసి ఉంటే ఎవరు అడిగేవారు? చెయ్యని పనికి నువ్వు గుర్తు పెట్టలేదు. మరి నేనెట్లా పెట్టాలి?

బండిని దించి, కిందికి పాకి, కుడిపక్క బోల్టు బిగించాను. ఛాతీ మీదుగా గుంజితే నాకే ఆయాసం వచ్చింది.

పటేలు వచ్చాక ఆయన ముందే చెప్పాను. "మా బాపు ఎడమ దిక్కు మంచిగ బిగించిండు పటేలా. కుడి దిక్కు బండి దించినంక బిగియ్యలే. అందుకే రబ్బర్ పోయింది. తప్పు మాదే." అమ్మ షట్టర్ దగ్గర నిలబడి ముఖం అటు తిప్పుకుంది.

పటేలు బండి ఎక్కలేదు. స్టూలు లాక్కొని కూర్చున్నాడు.

"ఆనాడు నేను ఈన్నే ఉన్న బిడ్డా" అన్నాడు. "ఒక దిక్కు చేసి బయటికొచ్చి కూసున్నడు. మొకమంత చెమట. చాయ్ తెప్పిస్తె తాగలే. నేను పానా పట్టాల్నా అంటె, పెండ్లికి పోతున్నవ్, తెల్లబట్టలు ఖరాబైతయ్ అన్నడు. నేను సుత గుంజలే. ఇప్పటికి బండి తీస్కపో, వారం ఆగి తప్పకుంట రా, ఒక పని మిగిలిందన్నడు. ఆ పని గిదేనని నాకు తెల్వలే. వారానికి మీ ఇంట్ల సావాయె. సప్పుడైతుందని ఏ మొకం పెట్టుకొని రావాలె?"

అంటే నీకు తెలుసు. నీ చెయ్యి తప్పలేదు. పని మిగిలిపోయింది, అంతే. మిగిలిందని చెప్పి పంపావు కూడా. అమ్మ అక్కడే కూలబడింది. పటేలు లేచి వెళ్తూ, ఆ హైవే షాపతనికి ఈ సంగతి తనే చెబుతానన్నాడు. రేపు ఆయన బావమరిది జీపు వస్తుందట. దానికీ ఏదో సప్పుడేనట.

ఆ పొద్దున, పటేలు రాకముందే, బండిని ఒకసారి నడిపి చూశాను. గతుకుల మీద, గుంతల్లో, కావాలనే మెల్లగా దింపాను. ఏ సప్పుడూ లేదు. మలుపు దాకా పోతే చాలు. కానీ కోహీర్ రోడ్డు దాకా పోయాను. ఇంకా వింటూనే ఉన్నాను... నువ్వు చేయాల్సిన పని ఇంకేమీ మిగలలేదని అప్పుడు తెలిసింది. బండి పక్కకు ఆపి అక్కడ ఏడ్చాను.

ఒక్కటి అడుగుతాను బాపూ. నువ్వు ఆ బండి చేసిన రోజు సాయంత్రం నాకు ఫోన్ చేశావు. నాకు బాగా గుర్తుంది. "తిన్నవా బిడ్డా?" అన్నావు. తిన్నానన్నాను. "మంచిది" అని పెట్టేశావు. ఇంకొక్క మాట చెబితే పొద్దున బస్సుకే వచ్చేదాన్ని కదా. నా చదువు పాడవుతుందనుకున్నావా? మనిషి కావాలని అడగడానికి సిగ్గుపడ్డావా?

సరే. నువ్వు చెప్పవు.

నేను మాత్రం ఒక మాట ఇస్తున్నాను. బండి కిందికి నేను ఒక్కదాన్నే పోను. అమ్మని పిలుస్తాను, పటేలుని పిలుస్తాను, ఎవరూ లేకపోతే రోడ్డు మీద పోయే మనిషినైనా పిలుస్తాను. ఊపిరి అందకపోతే అందడం లేదని చెబుతాను. ఎవరైనా ఫోన్ తీస్తే, తిన్నారా అని అడిగి పెట్టేయను.

రేపు జీపు వస్తుంది. అమ్మ ఇప్పుడే అడిగింది, "పొద్దుగాల ఎన్ని గంటలకు రావాలె షాపుకు?" అని.

నీ బిడ్డ,
రజిత