రంగు డేటా కాదట

అక్కా,

నువ్వు బాగానే ఉంటావు, నేనే బాగాలేను కనక రాస్తున్నాను. మా రికార్డుల భవనంలో పెద్ద కుర్చీ ఖాళీ అయిందని చెప్పాను కదా. నాకే వస్తుందని మనిద్దరం అనుకున్నాం. డైరెక్టరుగారి అల్లుడికి వచ్చింది. ఇన్నేళ్ళూ పెట్టెల దుమ్ము తిన్నది నేను. లోపల ఎంత మండుతోందో ఇక్కడ ఎవరితోనూ అనలేదు.

ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుందంటారే, అల్లుడుగారు ఆ రకం. ఏ పెట్టెలో ఏ కాగితాలున్నాయో చెప్పే వివరాలు మా దగ్గర వర్డ్ ఫైళ్ళలో ఉన్నాయి. కంప్యూటర్ వెతకగలిగేలా పేరుకొక ట్యాగు, తేదీకొక ట్యాగు పెట్టి వాటిని మార్చాలి. ఆ ఫైళ్ళు తయారుచేసి రిటైరైన పెద్దాయన కూడా తక్కువవాడేం కాదు. ఒక కాగితం ఇంకో కట్ట కిందకి వస్తుందని చూపాలంటే, ఆ వరుసని పక్కకి జరపడానికి స్పేస్ బార్ నొక్కుకుంటూ పోయాడు. బయటివాళ్ళకి చూపకూడని కాగితాలుంటే ఆ ముక్క రాయలేదు, ఆ వరుసని ఎర్రగా చేసి చేతులు దులుపుకున్నాడు. ఎరుపుకి అర్థం ఆయనకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

అల్లుడుగారి ప్రోగ్రాం రంగుల్ని వదిలేస్తుంది. "ఆ ఎర్రవి..." అని నోరు తెరిచాను.

"రంగు డేటా కాదు మేడమ్. మీరు ఫైళ్ళు అందిస్తే చాలు" అన్నాడు, అందరి ముందూ.

సరే, అందిస్తున్నాను. ప్రసూతి ఆశ్రమం పెట్టెల వరుసలన్నీ ఎర్రవే. అక్కడ బిడ్డని కని, వదిలి వెళ్ళిపోయిన తల్లుల పేర్లు అవి. ఈ కంప్యూటర్ వెతుకులాటకి ప్రారంభోత్సవం పెట్టారు, ఆ రోజు ఎవరు వెతికినా ఆ పేర్లు తెరమీద కనిపిస్తాయి. అప్పుడు చూస్తాను మామా అల్లుళ్ళ ముఖాలు. నేను మాత్రం నోరు విప్పను.

నీ చెల్లి

చెల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి స్పేస్ బార్ దగ్గర నేనూ మీ బావా పడీపడీ నవ్వాం. రెండోసారి నవ్వు రాలేదు. నీ కుర్చీ ఆ తల్లులు లాక్కున్నారా? ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెడతానంటున్నావు, పైగా ఆ ఇల్లు నీది కాదు. అల్లుడి పరువు పోతే మామ నాలుగు రోజుల్లో తెచ్చిస్తాడు. ఆ తల్లులది ఎవరు తెచ్చిస్తారు? తెలియక చేసేవాడు వెధవైతే, తెలిసి ఊరుకునేదాన్ని ఏమనాలో నువ్వే చెప్పు.

అక్క

అక్కా,

తగలాల్సిన చోటే తగిలింది. నీ ఉత్తరం అందిన మర్నాడే పెద్దాయనకి ఫోన్ చేశాను. "ఏ ఎరుపమ్మా? ముదురుదా, లేతదా?" అన్నాడు. ముదురుదంటే చూపకూడనిదట, లేతదంటే ఆయనకే అనుమానమట. నా తల ఎక్కడ కొట్టుకోను?

లేతవీ ముదురువీ కలిపి అన్నిటికీ 'మూసి ఉంది' అనే ట్యాగు నా చేత్తో పెట్టాను. ఆ పేర్లు వెతుకులాటలోకి రాకుండా చేయించడానికి అల్లుడుగారి దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పాను. ముఖం పాలిపోయింది. మంచినీళ్ళు తాగాక, "ముందే చెప్పాల్సింది మేడమ్" అన్నాడు. నాకున్న ఓర్పు నీకు తెలియదక్కా.

ప్రారంభోత్సవంలో 'గోప్యతకు పెద్దపీట' తన ఆలోచనేనని మాట్లాడాడు. మామగారు అందరికన్నా ముందు చప్పట్లు కొట్టారు. వాళ్ళ మొహం చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, అందులో మార్పేం లేదు.

జనం వెళ్ళాక ఒక పెద్దావిడ చదువుకునే గదిలోకి వచ్చింది. ఆశ్రమం కాగితాల్లో ఒక పేరు చూడాలంది. ఎవరి పేరని నేను అడగలేదు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తనే కొట్టింది. ఏమీ దొరకలేదని వచ్చింది. చెరిపి మళ్ళీ కొట్టింది.

"నిజంగా లేదామ్మా? ఎవరు చూసినా ఇంతేనా?"

"ఎవరు చూసినా ఇంతేనండి."

వెతికింది దొరక్కపోతే మమ్మల్ని తిట్టుకుంటూ వెళ్ళేవాళ్ళనే ఇన్నాళ్ళూ చూశాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, నా చెయ్యి గట్టిగా నొక్కి, "చల్లగా ఉండమ్మా" అని వెళ్ళిపోయింది.

నీ చెల్లి