సల్మాబాదోళ్ల మీద గెల్చినం

మల్లన్నా,

ఇయ్యాల శుక్రారం. మన సిత్రా లేబర్ క్యాంపోళ్లు క్రికెట్ల సల్మాబాద్ గ్యారేజోళ్ల మీద గెల్చిన్రు. నువ్వు నమ్మవు. నేనే ఇంకా నమ్ముతలేను. మాటలు నింపి ఇంటికి పంపే క్యాసెట్ల జెప్దామంటే మా ఇంటిదానికి ఈ ఆట ఎరుకలేదు. అందుకే నీకు రాస్తున్న.

ఆఖరి ఓవర్ అనంగనే నువ్వేం జేస్తుంటివో యాదికున్నదా? నువ్వు చూస్తే మనోళ్లు ఔటైతరని, నీళ్ల డ్రమ్ము కాడ ఆటకు వీపువెట్టి, రిఫైనరీ దిక్కు మొకం బెట్టి నిలవడుతుంటివి. "ఏమాయెరా? జెప్పు!" అని నువ్వు ఒర్లుడు, ఒక్కొక్క బాల్ నేను జెప్పుడు. అయిపోయినంక "ఇగ ఇటు తిరుగన్నా" అంటుంటి. నువ్వు నా మొకం జూసి, ఓడినమని సమజై, "వచ్చే శుక్రారం జూద్దాం తీ" అంటుంటివి.

సల్మానియా దవాఖాన నుంచి నిన్ను పెట్టెల వెట్టి విమానంల ఊరికి తోలి ఏడాదాయె. డ్రమ్ము గాడనే ఉన్నది.

ఇయ్యాల సుత అలవాటుతోని దాని దిక్కు జూసుకుంట ఒక్కొక్క బాల్ జెప్పిన. పక్కనున్న కేరళ భాయ్ నన్నొక తీరుగ జూసిండు. ఆఖరి బాల్‌కు రెండు పరుగులు గావాలె. మన షరీఫ్ గుడ్డిగ కొట్టిండు. బాల్ టిప్పర్ కిందికి వొయ్యింది, ఉరికి రెండు తీసిన్రు. అందరు ఎగురుతున్రు. నేనొక్కన్నే డ్రమ్ము కాడికి వొయ్యిన.

ఇన్నేండ్లు నీకు ఓడిన ముచ్చట్లే జెప్పిన. ఒక్క గెలుపన్న జెప్పకపోతినే అని పానం గుంజుతున్నది.

ఇగ ఇటు తిరుగన్నా.