గోడ పని ఆపొద్దని ఈసం పోతక్క రాయించినది

మహబూబాబాద్ జిల్లా గంగారం మండలం మడుగుగుంపులో ఉంటున్న ఈసం పోతక్క అనే నేను, డెబ్బై ఒక్క ఏళ్ల కోయ మనిషిని, తెలివి సక్రమంగా ఉండగానే, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాయిస్తున్నాను. మోకాళ్లు మాత్రం సక్రమంగా లేవు. వీలునామాకు వాటితో పనిలేదని రాస్తున్న బడిపంతులు చెప్పాడు. దీన్ని అమలు చేసే బాధ్యత నా బిడ్డ కల్పనది.

1. మా గుంపులో పద్నాలుగు కుటుంబాలు. ఇంటికొకరు చొప్పున వచ్చి, వంతులవారీగా అందరి ఇళ్లూ అందరం కడుతున్నాం. వెదురు తడికె మగవాళ్లది, మట్టి ఆడవాళ్లది, అన్నం పెట్టేది ఇంటివాళ్లు. ఆరేళ్లలో పదమూడు అయ్యాయి. మేస్త్రిని నేనే. నా తాపీ, గోడ నునుపు చేసే రాయి కల్పనకు చెందుతాయి. ఆ రాయితో పచ్చడి నూరితే హక్కు రద్దు.

2. మా మరిది ముత్తయ్యకు నా నిచ్చెన. ఇంటివాళ్లు గడప చోటు చూపిస్తేనే వాకిలి వదలడం మా ఆచారం. వాళ్ల ఇల్లు కట్టేటప్పుడు ఆయన తూర్పు అన్నాడు, పెళ్లాం ఉత్తరం అంది. తేలలేదు కాబట్టి నాలుగు వైపులా అల్లేశాం, మట్టి మెత్తేశాం. లోపల పని చేస్తున్న ముత్తయ్య పొద్దుగూకే వేళకు "వదినే, నేనెట్ల రావాలె?" అని అరిచాడు. ఈ నిచ్చెన వేసి పైనుంచి తీశాం. ఆ ఇంట్లో ఇంకా ఏదీ తేలడం లేదు, నిచ్చెన దగ్గరుండటం మంచిది.

3. భూపాలపల్లి నుంచి వచ్చిన ఇంజినీరు సాకేత్ సారుకు నా నులక మంచం. మట్టి గోడలు పనికిరావని చెప్పడానికి వచ్చి, ఎండకు తాళలేక నా ఇంట్లో నడుం వాల్చి, సాయంత్రం దాకా లేవలేదు. కాగితంలో ఏం రాశాడో తెలియదు గానీ గురక గుంపంతా విన్నది.

4. పద్నాలుగో ఇల్లు శకుంతలది. ఇరవై రెండేళ్ల కిందట నేను అలికిన గోడ చూసి "బర్రె నాకినట్టున్నది" అని పండుగ పూట నలుగురిలో అన్నది. ఆ కడుపుమంటతో, వంతులకు చీటీలు తీసినప్పుడల్లా ఆమె చీటీ డబ్బాలో వేయకుండా రవికెలో దోపుకున్నాను. ఆరు వానాకాలాలు ఆమె తాటిపత్రి పట్టా గుడిసె కింద తడిసింది. నాకు సిగ్గుగా ఉంది. ఆ చీటీ ఈ కాగితానికి కుట్టించాను. నన్ను తిట్టే హక్కు కూడా ఆమెకే రాసిస్తున్నాను.

5. ఆమె ఇంటికి తడికె లేచింది, మట్టి పడలేదు. గుంపులో చావు జరిగితే దినాలయ్యేదాకా ఎవరూ గోడ పని ముట్టరు. అంతలో మిరుగు కార్తె వానలు దిగుతాయి, వట్టి తడికె నిలవదు. కాబట్టి నేను చచ్చినా పని ఆపకూడదు. ఏడ్చేవాళ్లు మట్టి తొక్కుతూ ఏడవాలి. దినాల కోడికూర మట్టిగుంట దగ్గరే వడ్డించాలి. నా ఇంటి గూనపెంకులు విప్పి శకుంతల ఇంటికి కప్పాలి. కల్పనకు వేరే ఇల్లుంది, గొణగకూడదు.

తేదీ: 21 మే 2025

ఈసం పోతక్క (ఎడమ చేతి వేలిముద్ర)

సాక్షులు:
1. వాసం కమలాదేవి, అంగన్‌వాడీ టీచరు
2. పూనెం అమర్, రైతు

రాసిన పంతులు గమనిక: చదివి వినిపించగానే శకుంతల ఆ చీటీ పీక్కుంది. తను చెప్పేది కూడా రాయమంది, రాశాను: "పోతక్కా, గీ సచ్చే ముచ్చట వానలు పోయినంక పెట్టుకో. రేపు పొద్దుగాల మట్టి తొక్కుతున్నం. మేస్త్రివి నువ్వే రాకపోతే ఎట్ల?"