చెరువులోంచి మమ్మల్ని బయటికి రాయించమని

క్రీడాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మహిళల ట్రయాథ్లాన్ నందు పాల్గొన్న ముగ్గురము నేటికీ చెరువులోనే ఉన్నట్లు తమ రికార్డు చెప్పుచున్నందున, బయటకు వచ్చినట్లు నమోదు చేయించుట గురించి.

మార్కెట్టు వీధిలో కుట్టుమిషను పెట్టుకొని బతుకుచున్న దర్జీనైన నేను, నా తరఫునను, సిటీబస్సు కండక్టరైన మా పక్కింటి వదిన తరఫునను, ఆసుపత్రి బట్టలుతికే విభాగంలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరైన పిన్ని తరఫునను విన్నవించుకొనునది. పిన్ని నాకు బంధువు కాదు. వీధి మొత్తానికి పిన్ని.

1. ఈతకొలనులో ఉదయం ఆరు నుంచి ఏడు వరకు మహిళల గంట. "ఈ గంటకు వచ్చువారిలో కనీసం ముగ్గురు ట్రయాథ్లాన్ (చెరువులో ఈత, సైకిలు, పరుగు) పూర్తి చేయనిచో, వచ్చే నెల ఒకటో తేదీ నుండి సదరు గంట కార్యాలయ సిబ్బంది ఈత సాధనకు కేటాయించబడును" అని తమరు గేటుకు నోటీసు అంటించితిరి. తమ సిబ్బందిలో ఈత వచ్చినవారు ఒక్కరూ లేరని వినికిడి. సాధన అవసరమే, కాదనము.

2. పిన్నికి మోకాళ్ళు అరిగిపోయాయి. మందులన్నీ అయ్యాక డాక్టరు ఈత కొట్టమన్నాడు. ముప్పై ఏళ్ళు చేతులు నీళ్ళలో నానబెట్టిన మనిషి, మోకాలి లోతు దాటి ఏనాడూ దిగలేదు. ఎనిమిది నెలల్లో నేర్చుకుంది. ఇదివరకు మూడో అంతస్తులోని ఇంటికి కూతురు రెక్క పట్టుకుని ఎక్కించేది. ఇప్పుడు కూరగాయల సంచీతో ఒక్కతే ఎక్కుతోంది. ఆ గంట పోతే ఆమె మళ్ళీ మంచానికే. ఈ సంగతి రాయడానికి ఆఫీసు భాష నాకు చేతకాలేదు, మన్నించాలి.

3. ముగ్గురం స్నేహితులం కదా అని ఒకే దరఖాస్తులో మూడు పేర్లు రాశాము. దరఖాస్తు ఒకటే కాబట్టి నంబరూ ఒకటేనని తమ గుమాస్తాగారు తేల్చి, ఇంటి నంబర్ల మాదిరి 21 బై 1, 21 బై 2, 21 బై 3 కేటాయించారు. బనియనుకు తగిలించుకునే గుడ్డ మీద 21 అని గుమ్మడికాయంత అచ్చు వేయించి, బై నంబరు మాత్రం అంచున కలంతో చీమ తలకాయంత రాశారు.

4. ఇందులో నా తప్పూ ఉన్నది, దాచను. గుడ్డతోపాటు తలా నాలుగు పిన్నీసులు ఇచ్చారు. పిన్నీసుతో గుడ్డ తగిలించుకోవడం దర్జీకి తలవంపులు. పైగా అంచులు పోగులు ఊడుతున్నాయి. చూస్తూ ఊరుకోలేక, చుట్టూ అరంగుళం మడిచి మూడు బనియన్లకూ మిషను మీద కుట్టేశాను. బై నంబర్లు మడతలోకి పోయాయి. కుట్టు మాత్రం చెరువు ఈదినా, సైకిలు తొక్కినా, పరుగెత్తినా ఒక్క పోగు కదల్లేదు.

5. నీళ్ళలోకి దిగేటప్పుడు పేర్లు పిలిచి టిక్కు పెట్టారు. బయటికి వచ్చేటప్పుడూ, చివరి గీత దాటేటప్పుడూ గుడ్డ మీది నంబర్లు చూసి రాశారు. అందుచేత నోటీసు బోర్డు ప్రకారం, 21 అను మహిళ ఒకే పోటీని మూడు పర్యాయములు పూర్తి చేసినది. అటువంటి మహిళ జాబితాలో లేనందున ఆమె మెడల్ బీరువాలో భద్రపరచబడినది. 21 బై 1, 2, 3 మహిళలు "నీట దిగినారు, వెలుపలికి వచ్చినట్లు నమోదు లేదు." ముగ్గురు ఆడవాళ్ళు చెరువులో ఉండిపోయారని రాసుకుని, దాని కిందనే "పోటీ విజయవంతముగా ముగిసినది" అని సంతకం చేసిన తమ గుండె నిబ్బరానికి జోహార్లు. వెతకడానికి ఒక్క నరపురుగునైనా పంపలేదు.

6. పరుగులో పిన్ని వెనకబడింది. వదినా నేనూ గీత ముందు ఆగి, ఆమె వచ్చాక ముగ్గురం చేతులు పట్టుకుని దాటాము. గుమాస్తాగారు ముఖాలు చూడకుండా గుడ్డలే చూసి, "ఇరవై ఒకటి, ఇరవై ఒకటి, మళ్ళీ ఇరవై ఒకటా! ఏమ్మా, ఎన్నిసార్లొస్తావ్?" అన్నారు.

"ముగ్గురం వచ్చాం నాయనా. మనుషుల్ని లెక్కపెట్టడం నా ఉద్యోగం, కావాలంటే టిక్కెట్లు కొట్టిస్తా," అంది వదిన.

7. మరునాడు ఆఫీసుకు వెళ్ళాము. మేము రికార్డులో లేమన్నారు గుమాస్తాగారు.

"ఎదురుగా ఉన్నాం కదండీ!"

"ఎదురుగా ఉండటం వేరు, రికార్డులో ఉండటం వేరమ్మా. నీళ్ళలోంచి బయటికొచ్చినట్టు గట్టు మీదున్న అధికారితో రాయించుకు రండి, చూద్దాం."

8. అయ్యా, ఆనాడు గట్టు మీద ఉన్న అధికారి తమరే. బురదలో పిన్ని కాలు దిగబడితే చేయి అందించి లాగినదీ తమరే. తమ తెల్లచొక్కా మోచేతి దాకా తడిసింది. పిన్ని "చల్లగా ఉండు బాబూ" అంది, తమరు నవ్వారు. ఆ ఒక్క నిమిషం తమరు ఆఫీసరులా లేరు. మాకున్న సాక్ష్యం అదొక్కటే. అది కూడా బీరువాలో పెట్టి తాళం వేయకండి.

కావున తమరు ఆ తడిసిన చేత్తోనే రెండు ముక్కలు రాసి, మమ్మల్ని ఒడ్డున పడవేసి, మహిళల గంటను నిలుపవలసినదిగా ప్రార్థన. చిత్తగించినా, చిత్తు కాగితాల్లో వేసినా తమ దయ.

ఇట్లు,
తమ విధేయురాలు,
21 బై 1, దర్జీ
ప్రస్తుత చిరునామా: చెరువు (తమ రికార్డు ప్రకారం)

తా.క.: ఒకటో తేదీ ఉదయం ఆరింటికి ముగ్గురం ఎప్పటిలాగే కొలనులో దిగుతాము. ఏడు దాకా ఈదుతాము. మధ్యలో బయటికి పొమ్మనడానికి ఎవరినైనా పంపదలిస్తే, నీళ్ళలోంచి ఇంతవరకూ బయటికే రానివాళ్ళని మళ్ళీ ఎలా పంపిస్తారో ముందుగా లిఖితపూర్వకంగా తెలుపగలరు.