స్వాతి బిడ్డ ఊపిరి

పోర్ట్ బ్లెయిర్, మంగళవారం.
ఇవాళ్టి పనులు: పొత్తిగుడ్డలు ఉతికాను, బాలింతకి పథ్యం వండాను, అబర్డీన్ బజార్ వెళ్ళి ఉయ్యాల తాడు కొన్నాను.

అక్కా,

నువ్వు అమ్మమ్మవయ్యావు. నీ స్వాతికి ఎనిమిదో నెలలోనే నొప్పులొచ్చాయి. ముందే కాన్పయ్యేలా ఉందని, బిడ్డ ఊపిరి కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు చేస్తామన్నారు. బావ గయ్యిమన్నాడు.

"స్టెరాయిడా మేడమ్! మా బస్తీలో జిమ్ కుర్రాళ్ళు పొడిపించుకునేదేగా? కడుపులో బిడ్డకి కండలెందుకు?"

డాక్టరమ్మ నవ్వాపుకుంది. "అది వేరు భయ్యా. నెలలు నిండేముందు బిడ్డ ఒళ్ళే ఒక స్టెరాయిడ్ హార్మోన్ ఎక్కువగా తయారుచేసుకుంటుంది. దాంతోనే ఊపిరితిత్తులు గాలి పీల్చడానికి సిద్ధమవుతాయి. ఈ బిడ్డ అంతదాకా ఆగనంటోంది. అందుకే అలాంటిదే తల్లికి ఇస్తున్నాం."

బావ ఇంకా గొణుగుతుంటే స్వాతి మంచం మీంచే, "నాన్నా, సూది నాకు. నువ్వెళ్ళి బయట కూర్చో," అంది. అచ్చం నీ గొంతే. నువ్వు పోయాక మళ్ళీ అప్పుడే విన్నాను.

రెండు రోజులకి ఆడపిల్ల పుట్టింది. బావా నేనూ తలుపు బయటే నిలబడ్డాం. కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత జెట్టీలో షిప్పు కూత పెట్టినట్టు ఏడ్చింది. బావ కూడా ఏడ్చాడు.

కొన్ని వారాలు ఆసుపత్రిలోనే ఉంచి, ఇవాళ ఇంటికి పంపారు. వచ్చేముందు బావ డాక్టరమ్మకి తలొంచుకుని సారీ చెప్పాడు. "మా అక్కకి ఒక్కసారైనా చెప్పావా?" అన్నాను ఆటోలో.

"దానికి బాకీపడ్డవన్నీ ఈ సారీలోనే కలిపి రాసుకో," అన్నాడు.

కలిపాను. నీ తరఫున చెల్లు రాసేశాను.