చర్చి స్టార్ ఆర్పిన ఆదివారం

డిసెంబర్ 9
తెల్లవారుజాము. డ్యూటీలో కాలువ లాకు దగ్గర నీటిమట్టం రాసుకున్నాను. మంచు లేదు. ఆకాశంలో గొల్లకావడి పడమట చేలమీదికి వాలింది. వరసగా దాని మూడు చుక్కలూ కాలువ నీళ్లలో కూడా... నీళ్లు కదల్లేదు. నేనూ కదల్లేదు. అంత ఆకాశం చేసిన దేవుడే నన్ను కూడా చేశాడు! ఇంటికొచ్చేదాకా సైకిలు మీద నవ్వుకుంటూనే ఉన్నాను.

డిసెంబర్ 10
పాస్టరుగారు ఇంటికొచ్చారు. ఆదివారం ప్రార్థనలో లేచి, దేవుడు నాకేం చేశాడో సాక్ష్యం చెప్పాల్సింది నేనేనట. చర్చి బోర్డు మీద పేరు రాసేశారు. పదకొండేళ్లుగా తప్పించుకుంటున్నాను. "నాకు మాట్లాడ్డం రాదండి."
వంటింట్లోంచి సుగుణ — "ఆయ్, చుక్కలతో అయితే గంటలు గంటలండి. పెళ్లయి ముప్పై ఏళ్లు, నాతోనే రాదు."

డిసెంబర్ 11
నాలుగు వాక్యాలు రాశాను. కొట్టేశాను.

డిసెంబర్ 12
పాస్టరుగారితో చెప్పేశాను — మాట్లాడను, చూపిస్తాను. ఆదివారం తెల్లవారుజాము నాలుగున్నర ప్రార్థనకి వచ్చినవాళ్లకి, చర్చి ముందే. ఒక్కటే అడ్డం. కుర్రాళ్లు వెదురు మీద కట్టిన క్రిస్మస్ స్టార్. ఆ వెలుగులో పైన ఏమీ ఆనదు. పది నిమిషాలు ఆర్పాలి.
"ఆర్పితే కుర్రోళ్లు నన్ను వెదురెక్కిస్తారండి!" అన్నారాయన. చివరికి ఒప్పుకున్నారు.

డిసెంబర్ 13
మబ్బు. ప్రభువా, పది నిమిషాలు చాలు.

డిసెంబర్ 14
మబ్బు విడింది! పదిహేనుమందిమి. స్టార్ ఆర్పగానే అందరి నోటా "అబ్బ!"
నేను నోరు తెరిచేలోగా — తలుపుల చప్పుడు, టార్చిలైట్లు, పరుగులు. "ఎవరు పోయేరండీ?" "ఎవరండీ పోయింది?"
ఇద్దరం మరిచిపోయాం, పాస్టరుగారూ నేనూ. మా పేటలో ఎవరైనా చనిపోతే ముందు ఆర్పేది ఆ స్టారే.
ఒకామె అప్పుడే శోకాలు మొదలెట్టింది. వెనకే కర్ర పొడుచుకుంటూ ఆమె అత్తగారు రత్నమ్మగారు, పేటకంతా పెద్దావిడ — "నేనిక్కడే ఉన్నానే! ఎవరి కోసమే ఆ ఏడుపు?"
పాస్టరుగారు నా వైపు చూశారు. నేనే చెప్పాలి. నాకే తెలియని గొంతుతో అరిచాను — "ఎవరూ పోలేదండీ! అందరూ ఉన్నారు! ఆ లైట్లాపి పైకి చూడండి!"
ఆపారు. పేటంతా చీకట్లో నిలబడి తలెత్తింది. గొల్లకావడి చూపించాను. ఉత్తరాన సప్తర్షుల్ని చూపించాను. "ఇదంతా ఆయన చేతి పనండి" అన్నాను. ఎవరో మెల్లగా పాట ఎత్తుకున్నారు. స్టార్ వెలిగించమని కుర్రాళ్లు కూడా అడగలేదు. అలాగే తెల్లారింది.

డిసెంబర్ 15
పొద్దున్నే రత్నమ్మగారు పిలిపించారు.
"అబ్బాయ్, నేను నిజంగా పోయినప్పుడూ అలాగే చూపించాలి. జనం నా మొహం కాదు, పైకి చూడాలి."
"అలాగేనండి."
"మరి పగటిపూట పోతేనో?"
ఆవిడే పకపకా నవ్వారు. ఎండలో ఆకాశం చూసుకుంటూ ఇంటికొచ్చాను. కనబడకపోయినా సప్తర్షులు ఈ వేళకి వాయవ్యాన, కొబ్బరాకుల మీదుగా ఉండాలి... పగలైతే జనానికి ఎటు చూపించాలో కాగితం మీద గీసి చూస్తున్నాను.